మూడో పేరాలో దుప్పటి

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

చలిని తట్టుకోవడానికి జీవులకు తోడ్పడే ప్రోటీన్ల మీద నీ వ్యాసం అందింది. దస్తూరి ముచ్చటగా ఉంది. కానీ మూడో పేరాలో 'ఈ ప్రోటీన్లు కణానికి వెచ్చని దుప్పటి కప్పుతాయి' అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. పక్కన కాఫీ చల్లారిపోయింది.

బాక్టీరియాకు ఒంట్లో వేడి ఎక్కడిదమ్మా, దుప్పటి కప్పితే నిలవడానికి? చుట్టూ పది డిగ్రీలుంటే దాని లోపలా పదే. ఆ చలిలోనే పని సాగాలి. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియాను 37 డిగ్రీల నుంచి ఒక్కసారిగా 10కి దించితే కొన్ని గంటలు పెరగడం మానేస్తుంది. ప్రోటీను తయారీకి సూచనలు మోసే ఆర్‌ఎన్‌ఏ పోగు చలికి తనలో తానే మెలిపడిపోతుంది, ఆ సూచనలు చదివి ప్రోటీను కట్టే రైబోసోముకు చదవడం కష్టమవుతుంది. అప్పుడు 70 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీను, సీఎస్‌పీఏ, కుప్పలుగా తయారై ఆ పోగును చిక్కుపడనివ్వదు. మల్లెలు కట్టే దారం చిక్కుపడితే మీ అమ్మ దానికి దుప్పటి కప్పుతుందా?

అంటార్కిటికా చేపలకూ దుప్పటి లేదు. అక్కడి సముద్రం మైనస్ 1.9 డిగ్రీలు. 1960లలో ఆర్థర్ డెవ్రీస్ అనే శాస్త్రవేత్త ఆ చేపల రక్తంలో కనిపెట్టిన ప్రోటీన్లు మంచు పలుకులకు అతుక్కుని వాటిని పెరగనివ్వవు. ఒకటి చిక్కు తీస్తుంది, ఇంకొకటి అతుక్కుంటుంది. రెండింటినీ ఒకే వాక్యంలో మూటగట్టావు. ముందు క్రియ పట్టుకో. ఉపమానం అవసరమైతే అదే వస్తుంది.

నేను మీ గుంటూరులోనే మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేశాను. బస్తాల లెక్క రాస్తుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి, ఘాటుకు తుమ్ములు. 'చలికి కొవ్వు బిగుసుకుంటుంది' అని ఆ రోజుల్లో ఒక వ్యాసంలో రాస్తే, ఎడిటరుగారు 'శీతల ప్రభావమున కొవ్వు ఘనీభవన ప్రక్రియకు లోనగును' అని దిద్ది నా పేరుతోనే అచ్చువేశారు. ధనుర్మాసంలో వారింట్లో కొబ్బరినూనె సీసా ఎండలో పెట్టేవారు కాదేమో! అదే గూట్లో నువ్వులనూనె మాత్రం కారుతూనే ఉంటుంది. కణం పొరలోని కొవ్వుకూ ఆ తేడా ఉంది. చాలా జీవుల్లో డీశాచురేజ్ అనే ఎంజైము కొవ్వు గొలుసులో వంపు తెస్తుంది, వంపు తిరిగినవి బిగుతుగా సర్దుకోలేవు, పొర చలిలోనూ మెత్తగా ఉంటుంది. ఎంజైమూ ప్రోటీనే కదా, నీ వ్యాసంలో దీని ఊసే లేదేం?

ఎలుకల పేరా ముట్టుకోకు. చల్లబరిచినప్పుడు మెదడులో నాడీకణాల మధ్య ఊడిన సంధులు వెచ్చబడ్డాక తిరిగి కట్టుకోవడం, అందులో ఆర్‌బీఎం3 అనే ప్రోటీను చేసే పని, రెండుసార్లు చదివాను. అక్కడ ఒక్క ఉపమానం లేదు.

మూడో పేరా తిరగరాసి పోస్టులోనే పంపు. ఫోనులో అక్షరాలు నాకు ఆనవు.