నెట్‌వర్కింగ్ నేర్చుకోవాలంటే ముందు తీగ పట్టుకోవాలి

ప్రశ్న: నేను బీకాం చేశాను. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. నెట్‌వర్కింగ్ నేర్చుకుని ఉద్యోగం చేయాలని ఉంది. హైదరాబాద్ వెళ్ళి కోచింగ్ తీసుకుందామంటే ఫీజు, హాస్టల్ ఖర్చు కలిపి మా ఇంటి పరిస్థితికి చాలా ఎక్కువ. అందరూ సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) చేయమంటున్నారు, నాకేమో ఐపీ అడ్రస్ అంటేనే సరిగ్గా తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కోచింగ్ సంగతి ఓ మూడు నెలలు పక్కన పెట్టండి. ముందు కొనాల్సినవి కొన్నే: ఒక క్రింపింగ్ టూల్ (కేబుల్ కొసకి కనెక్టర్ నొక్కి బిగించేది), ఒక కేబుల్ టెస్టర్, గుప్పెడు ఆర్‌జే 45 కనెక్టర్లు (నెట్ కేబుల్ కొసకి ఉండే ప్లాస్టిక్ ప్లగ్గులు), పది మీటర్ల క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్, ఐదు పోర్టుల చిన్న స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్ళన్నీ కలిపే పెట్టె). ఇంట్లో ఓ పాత కంప్యూటర్ ఉండి, ఇంకెవరి దగ్గరైనా లాప్‌టాప్ అడిగి తెచ్చుకోగలిగితే అదే మీ ల్యాబ్.

కేబుల్ తొక్క తీయగానే ఎనిమిది తీగలు కనిపిస్తాయి, రెండేసి చొప్పున మెలిపెట్టి నాలుగు జతలుగా ఉంటాయి. ఎందుకు మెలిపెట్టారో అర్థం చేసుకుంటే సగం పని అయినట్టే. ఒక జతలోని రెండు తీగల్లో ఒకే సిగ్నల్ ఒకదానికొకటి వ్యతిరేకంగా వెళ్తుంది. పక్కనే ఉన్న కరెంటు వైరు నుంచో మోటారు నుంచో వచ్చే రొద (అంటే తీగలోకి చొరబడే అనవసర విద్యుత్ సంకేతాలు) మాత్రం, రెండూ మెలిపడి ఉన్నాయి కాబట్టి, రెండింటి మీదా దాదాపు ఒకేలా పడుతుంది. అవతలి చివర ఈ రెండింటి మధ్య తేడానే చదువుతారు గనుక ఆ రొద అక్కడే కొట్టుకుపోతుంది. మెలిక విప్పేస్తే ఈ లాభం పోయినట్టే, అందుకే కనెక్టర్ దగ్గర అరంగుళం కంటే ఎక్కువ విప్పొద్దంటారు. రంగుల వరుస మన దగ్గర ఎక్కువగా 568బి పద్ధతిలో పెడతారు: తెల్ల ఆరెంజ్, ఆరెంజ్, తెల్ల గ్రీన్, బ్లూ, తెల్ల బ్లూ, గ్రీన్, తెల్ల బ్రౌన్, బ్రౌన్. కనెక్టర్ క్లిప్పు కిందికి, రాగి పళ్ళు మీకు కనపడేటట్టు పట్టుకుంటే ఎడమ నుంచి ఈ వరుస రావాలి. ఇరవై కనెక్టర్లు పాడైపోతాయి, పోనివ్వండి, చేతికి అలవాటు అలాగే వస్తుంది.

తర్వాత రెండు కంప్యూటర్లనూ స్విచ్‌కి కలిపి, ఐపీ అడ్రస్‌గా (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌ని గుర్తుపట్టే నంబరు) ఒకదానికి 192.168.1.10, రెండోదానికి 192.168.1.11, రెండింటికీ మాస్క్ (అడ్రస్‌లో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పేది) 255.255.255.0 ఇచ్చి పింగ్ కొట్టండి, అంటే ఒకదాని నుంచి రెండోదాన్ని పలకరించి జవాబు వస్తుందేమో చూడండి. ఇక్కడో జాగ్రత్త. విండోస్‌లో ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే రక్షణ) పింగ్‌కి జవాబు ఇవ్వనివ్వకపోవచ్చు, అది తెలియక కేబుల్‌దే తప్పనుకుని మళ్ళీ మళ్ళీ కోసి క్రింప్ చేసేవాళ్ళని చాలామందిని చూశాను. పింగ్ వెళ్ళాక రెండోదాని అడ్రస్‌ని 192.168.2.11గా మార్చండి. అదే తీగ, అదే స్విచ్, కానీ పింగ్ ఆగిపోతుంది. ఎందుకాగిందో ఓ పూట కూర్చుని ఆలోచించండి. మాస్క్ ఎందుకుందో, గేట్‌వే అంటే ఏమిటో, రూటర్ ఎందుకు కావాలో ఆ ఒక్క ప్రయోగంలో తెలిసినంతగా ఏ వీడియోలోనూ తెలియదు. ఇది బాగా ఒంటబట్టాక సిస్కో వాళ్ళ ప్యాకెట్ ట్రేసర్ దించుకోండి. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితమే, అందులో పదుల కొద్దీ రూటర్లను తెర మీదే కలిపి చూసుకోవచ్చు. సీసీఎన్‌ఏ పుస్తకం అప్పుడు తెరవండి, సబ్‌నెట్టింగ్ (ఒక నెట్‌వర్క్‌ని చిన్న చిన్నవిగా విడదీయడం) కూడా అప్పుడే.

మీ జిల్లాలో ఏదైనా ఐటీఐలో కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ అనే ఏడాది ట్రేడ్ ఉందేమో కనుక్కోండి. పదో తరగతి అర్హత, చేత్తో పని ఎక్కువ. డిగ్రీ చేసి మళ్ళీ ఐటీఐ ఏమిటని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. అదీ కుదరకపోతే మీ టౌన్లో సీసీ కెమెరాలు, ఇంటర్నెట్ లైన్లు వేసే వాళ్ళ దగ్గర రెండు నెలలు హెల్పర్‌గా తిరగండి, నిచ్చెన ఎక్కి గోడకి కేసింగ్ కొట్టడం దగ్గర్నుంచి నేర్చుకుంటారు.

ప్రశ్న: నేను లెక్కల టీచర్‌ని, కానీ మా స్కూల్ కంప్యూటర్ ల్యాబ్ కూడా నేనే చూసుకోవాలి. సెలవుల తర్వాత టేబుళ్ళు జరిపి కేబుళ్ళన్నీ మళ్ళీ పెట్టాం. అప్పటి నుంచి ఒక్క సిస్టమ్‌లోనూ నెట్ రావట్లేదు. స్విచ్ మీద లైట్లన్నీ ఆగకుండా టకటకా కొట్టుకుంటున్నాయి. స్విచ్ పోయింది, కొత్తది కొనమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. కొనాలా?

జవాబు: కొనకండి టీచర్ గారూ. మీరు చెప్పిన లక్షణాలన్నీ లూప్‌వి. ఏదో ఒక కేబుల్ రెండు కొసలూ తిరిగి అదే స్విచ్‌లోకో, లేదంటే రెండు స్విచ్‌ల మధ్య ఒకటి ఉండాల్సింది రెండు కేబుళ్ళో వెళ్ళి ఉంటాయి. నేను పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఓ ఆఫీసులో ఇదే తప్పు చేశాను, టేబుల్ కింద వేలాడుతున్న కొసని ఖాళీ పోర్టులో పెట్టేశాను, ఆ మధ్యాహ్నమంతా ఇరవై మంది పని ఆగిపోయింది. ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఏం జరుగుతుందంటే, నెట్‌వర్క్‌లో కొన్ని సందేశాలు అందరికీ వెళ్ళాల్సినవి ఉంటాయి. అలాంటిది వచ్చినప్పుడు స్విచ్ దాన్ని వచ్చిన పోర్టు తప్ప మిగతా పోర్టులన్నింటికీ పంపుతుంది. లూప్ ఉంటే అది తిరిగి అదే స్విచ్‌లోకి వస్తుంది, స్విచ్ మళ్ళీ అందరికీ పంపుతుంది. ఇన్నిసార్లు తిరిగాక చచ్చిపోవాలి అనే లెక్క ఐపీ ప్యాకెట్‌లో ఉంటుంది గానీ, దాన్ని స్విచ్‌ల మధ్య మోసే పొట్లం లాంటి ఈథర్నెట్ ఫ్రేమ్‌లో స్విచ్ చూసేలా అలాంటిది ఉండదు, కాబట్టి అవి తిరుగుతూనే, పెరుగుతూనే పోయి అసలు పనికి దారి లేకుండా చేస్తాయి. దీనికి విరుగుడుగా రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజనీరు 1985లో స్పానింగ్ ట్రీ అనే పద్ధతి కనిపెట్టారు, అదనపు దారిని స్విచ్‌లే గుర్తించి మూసేసుకుంటాయి. ధర తక్కువ మామూలు స్విచ్‌లలో సాధారణంగా అది ఉండదు.

మీరు చేయాల్సింది: స్విచ్‌లోంచి కేబుళ్ళన్నీ తీసేయండి. రూటర్ నుంచి వచ్చేది ఒక్కటి పెట్టి, ఒక్కో సిస్టమ్ కేబుల్ కలుపుతూ రండి, ఏది పెట్టగానే లైట్లు పిచ్చిగా కొట్టుకుంటాయో అదే దొంగ. పెట్టిన ప్రతి కేబుల్‌కీ రెండు కొసలా ఒకే నంబరు రాసిన టేపు చుట్టండి. ఏ నంబరు ఏ పోర్టులోకి వెళ్ళిందో ఓ కాగితం మీద రాసి స్విచ్ పక్కనే అతికించండి. మెయింటెనెన్స్ అంటే నా లెక్కలో ముప్పాతిక వంతు ఈ కాగితమే. ఎంత తెలివైన వాడైనా పేర్లు లేని నలభై కేబుళ్ళ ముందు నిలబడితే వాడి తెలివి ఎందుకూ పనికిరాదు.

ఆ తర్వాత ఒక్క సిస్టమ్‌లోనే నెట్ రాకపోతే కింది నుంచి పైకి చూడండి: పోర్టు లైటు వెలుగుతోందా, ఐపీ అడ్రస్ వచ్చిందా, గేట్‌వేకి (బయటి నెట్‌వర్క్‌కి దారిచ్చే మీ రూటర్ అడ్రస్) పింగ్ వెళ్తోందా, 8.8.8.8కి (ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్) వెళ్తోందా, చివరగా ఏదైనా వెబ్‌సైట్ పేరుకి వెళ్తోందా. నంబరుకి వెళ్ళి పేరుకి వెళ్ళకపోతే డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరుని నంబరుగా మార్చే ఏర్పాటు) తేడా. అడ్రస్ 169.254తో మొదలైతే రూటర్ నుంచి అడ్రస్ అందలేదనీ, కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందనీ అర్థం.

ప్రశ్న: కేబుల్ నేనే క్రింప్ చేశాను, టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలిగాయి. అయినా నెట్ ఆగి ఆగి వస్తోంది. తెల్ల ఆరెంజ్, ఆరెంజ్, తెల్ల గ్రీన్, గ్రీన్, ఇలా జతలు జతలుగా రెండు వైపులా ఒకేలా పెట్టాను.

జవాబు: తప్పు అక్కడే ఉంది. పిన్నుల్లో 3, 6 ఒక జత, 4, 5 ఒక జత. మీ వరుసలో 3లో తెల్ల గ్రీన్, 6లో బ్లూ పడ్డాయి, అంటే వేర్వేరు మెలికల్లోని తీగలు. పైన చెప్పిన రొద రద్దయ్యే ఏర్పాటు పోయింది. మామూలు టెస్టర్ ఈ కొసకీ ఆ కొసకీ తీగ అందిందా అన్నదే చూస్తుంది, జతలు చూడదు. రెండు కొసలూ కోసి 568బి ప్రకారం మళ్ళీ పెట్టండి.

ప్రశ్న: మాకు అనపర్తి దగ్గర కోళ్ళ ఫారం ఉంది. ఆఫీసు గది నుంచి చివరి షెడ్డుకి 130 మీటర్ల కేబుల్ లాగి, దాంట్లోనే కరెంటు కూడా వెళ్ళేలా కెమెరా పెట్టించాం. పగలు బాగానే ఉంటుంది, చీకటి పడగానే ఆగిపోయి మళ్ళీ ఆన్ అవుతుంది. పోయిన వానాకాలం పిడుగు పడి స్విచ్ కూడా కాలిపోయింది.

జవాబు: రాగి కేబుల్‌కి హద్దు 100 మీటర్లు, మీది ఎప్పుడో దాటింది. చీకటి పడ్డాక కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతుంది, అంత దూరంలో వోల్టేజీ పడిపోయి కెమెరా రీస్టార్ట్ అవుతుంది. పగలు బాగుండటానికి కారణం అదే. ఓ తీగని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే అది అల్యూమినియం మీద రాగి పూత వేసిన కేబుల్, చవకగా వస్తుందని అంటగడతారు. అల్యూమినియంలో కరెంటు నష్టం రాగిలో కంటే ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది, కెమెరాకి అది అస్సలు పనికిరాదు.

మీకు నా సలహా ఫైబర్. ఆఫీసులో ఒకటి, షెడ్డులో ఒకటి మీడియా కన్వర్టర్లు (రాగి కేబుల్ సిగ్నల్‌ని ఫైబర్‌లో వెళ్ళే కాంతిగా, కాంతిని మళ్ళీ సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) పెట్టి, మధ్యలో ఫైబర్ లాగించి, కెమెరాకి కరెంటు షెడ్డులోనే ఇవ్వండి. ఫైబర్ గాజు కాబట్టి పిడుగు కరెంటు దాని గుండా ఆఫీసులోకి రాదు, షెడ్డు ఫ్యాన్ల మోటార్ల రొద కూడా అంటదు. కాకపోతే కొన్ని ఫైబర్ కేబుళ్ళలో బలానికి స్టీలు తీగ ఉంటుంది, అది లేని రకమే కావాలని అడగండి. షెడ్డులో కన్వర్టర్‌ని మూత బిగించిన పెట్టెలో పెట్టించండి, కోళ్ళ ఫారంలో దుమ్ము, అమ్మోనియా పోర్టుల్లోని రాగిని తినేస్తాయి. పని జరిగేటప్పుడు మీరుగానీ పిల్లలుగానీ ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. అందులో వెళ్ళే కాంతి కంటికి కనపడదు, కనపడకుండానే కంటికి హాని చేయగలదు.