బల్లార్‌పూర్‌లో చదువు బృందం పెట్టబోయే అమ్మాయికి

అమ్మా, ఆశీస్సులు.

ముస్లిం, క్రైస్తవ పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి చదివిద్దామనుకుంటున్నానని రాశావు. బాగుంది. ‘శాంతి సమావేశం’ అని మాత్రం పేరు పెట్టకు. ఆ పేరు వింటే చాలు, పెద్దమనుషులు వచ్చి శాలువాలు కప్పించుకుని, మతాలన్నీ ఒకటేనని చెప్పి, ఫోటో దిగి వెళ్లిపోతారు. అన్నీ ఒకటే అయితే ఇక చదవడం దేనికి?

యేసు ఎవరన్న ప్రశ్నతో మొదలుపెట్టొద్దు. సిలువ దగ్గర, దేవుని కుమారుడన్న మాట దగ్గర రెండు దారులూ విడిపోతాయి. అక్కడికి ఆర్నెల్ల తర్వాత వెళ్లినా నష్టం లేదు. యోసేపు కథ తీసుకో. ఆదికాండంలో 37 నుంచి 50 వరకు (38 వదిలెయ్, అది వేరే కథ). ఖురాన్‌లో 12వ సూరా (అధ్యాయం) యూసుఫ్, అంటే యోసేపే, 111 ఆయతులు (వచనాలు).

అందులోనూ యోసేపు చొక్కా ఒక్కటే పట్టుకుని చదివించు. అన్నలు దానికి నెత్తురు పూసి తండ్రికి తెచ్చి చూపిస్తారు. ఆదికాండంలో యాకోబు అది నమ్మి, కొడుకుని మృగం తినేసిందని బట్టలు చించుకుంటాడు. ఖురాన్‌లో యాకూబ్ నమ్మడు. ఇది మీరు అల్లిన కథ అంటాడు, ఓర్చుకుంటాడు. తర్వాత ఈజిప్టులో, తనను పట్టుకోబోయి నింద వేసిన యజమాని భార్య చేతిలో మిగిలిపోయిన వస్త్రమే బైబిల్లో యోసేపుని జైలుకి పంపుతుంది. ఖురాన్‌లోనేమో చొక్కా వెనకనుంచి చిరిగింది కాబట్టి తప్పు అతనిది కాదని తేలుతుంది. అయినా జైలు తప్పదు! చివర్లో యూసుఫ్ పంపిన చొక్కా ముఖం మీద వేస్తే తండ్రికి చూపు తిరిగొస్తుంది. బైబిల్లో ఇది లేదు. తండ్రి ఇక్కడెందుకు నమ్మాడు, అక్కడెందుకు నమ్మలేదు అని అడిగి నువ్వు ఊరుకో. రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి.

ఎవరి గ్రంథం గురించి వాళ్లే చెప్పాలి, అవతలివాళ్లు అడగాలి. అంతకుమించి రూల్స్ పెట్టకు. ‘బైబిల్ నుంచి ఎత్తుకున్నారు’, ‘మీ బైబిల్‌ని మార్చేశారు’ అన్న మాటలు రెండూ వచ్చి తీరతాయి. టెన్షన్ పడకు, నోరూ మూయించకు. బోర్డు మీద రాసిపెట్టి, చరిత్ర చదివే వారం తీద్దామను.

బల్లలు వేయించు, చాపలు వద్దు. ఖురాన్ నేలమీద పెట్టరు. వుజూ (నమాజుకి ముందు చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కోవడం) లేకుండా అరబీ ప్రతిని ముట్టుకోనివాళ్లూ ఉంటారు. చర్చి పిల్లలు బైబిల్లో ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీసుకుంటారు, అది గౌరవం లేక కాదు. ఈ రెండూ మొదటిరోజే చెప్పెయ్. జెరాక్సులు అనువాదం వరకే తీయించు, ఉర్దూ, మరాఠీ, తెలుగు ఏది వచ్చినవాళ్లకి అది. అలాగని వాటిని సమోసాల కింద పరచనివ్వకు.

చోటు మీ కాలేజీ లైబ్రరీ. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకైతే చర్చి అయిపోతుంది. అసర్ (సాయంత్రం ముందు చేసే) నమాజుకి కాసేపు ఆపండి. గనుల్లో, పేపరు మిల్లులో షిఫ్టులున్నవాళ్లని ముందే అడుగు.

ఇక చరిత్ర. 1580లో జెస్యూట్ అనే క్రైస్తవ సంఘం పాద్రీలు ఫతేపూర్ సిక్రీకి వచ్చి అక్బర్ ఎదుట ముస్లిం పండితులతో వాదించారు. అంతకు ఏడు శతాబ్దాల ముందే బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ అనే క్రైస్తవ వైద్యుడు పాతకాలపు గ్రీకు వైద్యుడు గేలెన్ రాసిన గ్రంథాలను అరబీలోకి తెచ్చాడు. సిక్రీలో వాదన, బాగ్దాద్‌లో పని. నా ఓటు పనికే. 2007 అక్టోబర్ 13న 138 మంది ముస్లిం పండితులు క్రైస్తవ పెద్దలకు రాసిన బహిరంగ లేఖ ఉంది, దైవప్రేమ, పొరుగువారిపై ప్రేమ గురించి. అదీ చదివించు, మెచ్చుకోవడానికి కాదు, ప్రశ్నించడానికి. హైదరాబాద్‌లో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1930లో లాహోర్‌లో పెట్టినప్పుడు ముస్లింలకు సువార్త చెప్పేవాళ్లకి శిక్షణ ఇవ్వడమే దాని పని. ఇప్పుడు మతాల మధ్య సఖ్యత కోసం పనిచేస్తోంది. అది ఎందుకు మారిందో పిల్లలే వెళ్లి అడగాలి. మీ బల్లార్షా స్టేషన్ నుంచి కాజీపేట మీదుగా రైలుంది కదా.

పాస్టర్‌గారికీ, మౌలానా సాబ్‌కీ ముందే నువ్వే వెళ్లి చెప్పు, పర్మిషన్ కోసం కాదు, వేరేవాళ్ల నోట వినకూడదని. నన్ను రెండో నెలలో పిలువు. మొదటిరోజే ముసలి సార్ కూర్చుంటే పిల్లలు నోరు విప్పరు.

మీ హిస్టరీ సార్