పాఠకుల ప్రశ్నలు: మూలకాన్ని గుర్తుపట్టేదెలా?

ప్రశ్న: బయటి కర్పరంలో 5 ఎలక్ట్రాన్లున్న మూలకం ఏదంటే నైట్రోజన్ అని రాశాను. ప్రశ్నలో నాలుగు కర్పరాలని కూడా ఉంది, నేను చూసుకోలేదు. ఇప్పుడు తీరిగ్గా లెక్కేసినా 2+8+8+5 = 23, అంటే వెనేడియం వస్తోంది. జవాబు ఆర్సెనిక్ అట. ఎక్కడ తప్పాను?

జవాబు: రెండు చోట్ల. వేలన్సీ ఎలక్ట్రాన్ల (అంటే బయటి కర్పరంలోని ఎలక్ట్రాన్ల) సంఖ్య ఒక్కటే చూస్తే గ్రూపు, అంటే ఆవర్తన పట్టికలోని నిలువు వరుస తెలుస్తుంది గానీ మూలకం తెలియదు. 5 ఉన్నవి నైట్రోజన్, ఫాస్ఫరస్, ఆర్సెనిక్, ఆంటిమొని, బిస్మత్. వీటిలో ఏదో తేల్చేది కర్పరాల సంఖ్య. కాబట్టి ముందు ఆ ఆధారం కోసం వెతకండి. "మూడో పీరియడ్" (పట్టికలో మూడో అడ్డు వరుస) అన్నా, "మూడు కర్పరాలు" అన్నా ఒకటే.

రెండో తప్పు మూడో కర్పరంలో ఉంది. అందులో 18 పడతాయి. కానీ 8 నిండగానే తర్వాతి ఎలక్ట్రాన్లు నాలుగో కర్పరంలోకి వెళతాయి, ఎందుకంటే అక్కడి 4ఎస్ అనే ఉపకర్పరం శక్తి ఆ దశలో మూడో కర్పరంలోని 3డీ ఉపకర్పరం కంటే తక్కువ. అందుకే పొటాషియం 2, 8, 8, 1. కాల్షియం 2, 8, 8, 2. మీరు నేర్చుకున్న "2, 8, 8" సూత్రం ఇక్కడితో సరి. స్కాండియం నుంచి జింక్ దాకా పది మూలకాలూ వెనక్కి వచ్చి మూడో కర్పరాన్ని నింపుతాయి. గాలియం చేరేసరికి అందులో 18 ఉంటాయి. ఆర్సెనిక్ 2+8+18+5 = 33.

కర్పరాలన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమైతే జడవాయువు దగ్గర్నుంచి మొదలుపెట్టండి. వాటి పరమాణు సంఖ్యలు (ప్రోటాన్ల సంఖ్యలు) 2, 10, 18, 36, 54, 86. మీ మూలకం ఉన్న పీరియడ్‌కు ముందున్న జడవాయువును తీసుకోండి. 1, 2 గ్రూపులైతే దానికి వేలన్సీ ఎలక్ట్రాన్లు కలిపితే చాలు: సీజియం 54+1 = 55. 13 నుంచి 18 వరకు గ్రూపులైతే 4, 5 పీరియడ్లలో మధ్యలో 10 చేర్చాలి, 6వ పీరియడ్‌లో 24 చేర్చాలి. ఆంటిమొని 36+10+5 = 51. బిస్మత్ 54+24+5 = 83. ఆ 24లో 14 లాంథనైడ్ల (పట్టిక కింద విడిగా చూపే మూలకాల) వరుసవి. దాన్ని మరిచిపోయే 69 తెచ్చుకుంటారు చాలామంది.

ప్రశ్న: 18 ఎలక్ట్రాన్లు, 2 ధనావేశాలు ఉన్న అయాన్ ఏది? 16 అని సల్ఫర్ రాశాను.

జవాబు: కాల్షియం. ధనావేశం అంటే ఎలక్ట్రాన్లు పోయాయని అర్థం. పోయిన రెండింటినీ తిరిగి కలిపితే 20 ప్రోటాన్లు. రాసిన జవాబును ఒకసారి వెనక్కి సరిచూసుకోండి: ప్రోటాన్లలోంచి ఎలక్ట్రాన్లు తీసేస్తే ఆవేశం రావాలి. 16లోంచి 18 తీస్తే ఋణం 2 వస్తుంది, అది సల్ఫైడ్ అయాన్. క్లోరైడ్, ఆర్గాన్, పొటాషియం అయాన్ కూడా 18 ఎలక్ట్రాన్లవే. కాబట్టి ఎలక్ట్రాన్లను చూసి పేరు పెట్టకండి. ద్రవ్యరాశి సంఖ్యనూ (ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తాన్నీ) నమ్మకండి. ఆర్గాన్, పొటాషియం, కాల్షియం మూడింటికీ 40 ద్రవ్యరాశి సంఖ్య గల ఐసోటోపులున్నాయి.

ప్రశ్న: హీలియంకు వేలన్సీ ఎలక్ట్రాన్లు రెండే కదా, రెండో గ్రూపులో ఎందుకు లేదు?

జవాబు: మొదటి కర్పరంలో పట్టేదే రెండు. అది నిండిపోయింది కాబట్టి గుణాల్లో జడవాయువుల సరసన చేరింది.

ప్రశ్న: ఇనుముకు వేలన్సీ ఎలక్ట్రాన్లు ఒక పుస్తకంలో 2, మరోదానిలో 8. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ సరైనవే, లెక్కపెట్టిన తీరు వేరు. 4ఎస్‌లో 2, 3డీలో 6 ఉన్నాయి. బయటి కర్పరం వరకే చూస్తే 2, బంధాల్లో పాల్గొనగల డీ ఎలక్ట్రాన్లనూ కలిపితే 8. జింక్ 12వ గ్రూపులో ఉన్నా దాని 3డీ నిండిపోయింది, కాబట్టి 2 అనే చెబుతారు. క్రోమియం, కాపర్‌లలో 4ఎస్‌లో ఉండేది ఒక్కటే. 3 నుంచి 12 వరకు గ్రూపుల్లో వేలన్సీ సంఖ్యతో మూలకాన్ని పట్టుకోబోవడం మా దృష్టిలో వృథా శ్రమ. అక్కడ ప్రోటాన్ల సంఖ్యనే అడగండి.

ప్రశ్న: ప్రయోగశాలలో ప్రోటాన్లను ఎలా లెక్కపెడతారు?

జవాబు: ఎక్స్ కిరణాలతో. పదార్థం మీద ఎక్స్ కిరణాలు పడి అత్యంత లోపలి ఎలక్ట్రాన్ ఊడితే, ఆ ఖాళీలోకి రెండో కర్పరం నుంచి మరొకటి దిగి, నిర్దిష్ట శక్తి గల ఎక్స్ కిరణాన్ని వదులుతుంది. దీన్ని కె-ఆల్ఫా అంటారు. దాని శక్తికీ పరమాణు సంఖ్యకూ ఉన్న లెక్కను 1913లో భౌతిక శాస్త్రవేత్త మోస్లీ తేల్చాడు. ద్రవ్యరాశి క్రమంలో పెడితే అయోడిన్ కంటే టెల్లూరియం వెనక్కి పోతుంది. ప్రోటాన్ల లెక్కలో 52, 53గా సరిగ్గా కుదిరాయి.

మీరూ చేసి చూడొచ్చు. శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో తీసుకుని 10.2తో భాగించి, వర్గమూలం కట్టి, 1 కలపండి. లోపల మిగిలిన ఎలక్ట్రాన్ కేంద్రకం ఆవేశంలో దాదాపు ఒకటిని కప్పేస్తుంది, ఆ 1 అందుకే. 6,404 వస్తే 26.06, అంటే ఇనుము. బరువైన మూలకాల దగ్గర ఈ సులువు సూత్రం జారిపోతుంది: వెండి 22,160కి 47.6 వస్తుంది, దగ్గరి అంకె 48 అనుకుంటే కాడ్మియం అని పొరబడతారు. అక్కడ కె-ఆల్ఫా శక్తుల పట్టికలోని విలువలతోనే పోల్చాలి.

వేలన్సీ ఎలక్ట్రాన్లకూ కొలత ఉంది. ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా ఊడదీయడానికి పట్టే శక్తి మెగ్నీషియంలో మోలుకు 738, 1451, 7733 కిలోజౌళ్లు. రెండు దాటగానే ఐదు రెట్లు పెరిగింది, అంటే వేలన్సీ ఎలక్ట్రాన్లు రెండు.

ఎక్స్ కిరణ పరికరం గీసే రేఖాచిత్రంలో ఒక్కో శక్తి దగ్గర శిఖరం కనిపిస్తుంది; మొదటి శిఖరాన్నే పట్టుకుని పేరు చెప్పకండి. ఆర్సెనిక్ కె-ఆల్ఫా 10.54 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, సీసం ఎల్-ఆల్ఫా (రెండో కర్పరంలోని ఖాళీలోకి మూడో కర్పరం నుంచి ఎలక్ట్రాన్ దిగితే వచ్చేది) 10.55. రెండూ ఒకే గీతలా కనిపిస్తాయి. 12.6 దగ్గర మరో శిఖరం ఉంటే సీసం ఉన్నట్టు; 11.7 దగ్గర చిన్న శిఖరం ఉంటే ఆర్సెనిక్ ఉన్నట్టు. రెండు చోట్లా ఉంటే రెండూ ఉన్నట్టే.