చేర్చడం, తీసేయడం, మార్చడం: భాషలో, డీఎన్ఏలో, కంప్యూటర్‌లో మూడూ ఒకటేనా?

పైకి ఒకటే. పనితీరు చూస్తే మాత్రం భాష, జీవశాస్త్రం ఒక జట్టు, కంప్యూటర్ వేరే జట్టు. ఒంగోల్లో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను కాబట్టి డీఎన్ఏ గురించి ధైర్యంగా, మిగతా రెండిటి గురించి మొండిగా మాట్లాడతాను.

కంప్యూటర్ వాళ్లకి రెండు మాటల మధ్య తేడా కొలవడానికి లెవెన్‌ష్టైన్ లెక్క ఒకటుంది. ఆయన సోవియట్ గణితవేత్త. 1965లో ఆయన రాసింది సున్నాలు, ఒకట్లతో పంపే సంకేతాల్లో వచ్చే తప్పుల గురించి. ఆ లెక్కలో అక్షరం చేరిస్తే ఒకటి, తీసేస్తే ఒకటి, మారిస్తే ఒకటి. ఏ అక్షరం, దాని పక్కన ఏముంది అని అడగదు. నా గొడవంతా అక్కడే.

మాది పొదిలి దగ్గర పల్లె. నాన్న చిన సుబ్బయ్య, పెదనాన్న పెద సుబ్బయ్య. తాత పేరే అన్నదమ్ములిద్దరికీ పెట్టి ముందు పెద, చిన తగిలించడం మా వైపు మామూలే. గుర్తింపు కార్డులో నాన్న ‘చిన’, పొలం కాగితాల్లో ‘చిన్న’. దాంతో రైతుకి పడాల్సిన డబ్బు ఆగిపోయింది. (బ్యాంకు ఫోన్లో మాట్లాడే యంత్రమైతే ఆయన్ని ‘చైనా సుబ్బయ్య గారూ’ అని పిలుస్తుంది, అది వేరే బాధ.) ఆఫీసుకి తీసుకెళ్తే కౌంటర్లో కుర్రాడు దగ్గరి పేర్లు వెతికి, స్క్రీన్ మా వైపు తిప్పాడు.

“ఈ రెండిట్లో నువ్వేది తాతా?”

పైన చిన్న సుబ్బయ్య, కింద పెద సుబ్బయ్య.

“కిందోడు మా అన్న. పోయి శానా కాలమైంది. ఇంకా ఆడే ఉండాడా?”

“అయితే పైది నొక్కమంటావా? అది కూడా నువ్వు కాదు గదా, వత్తు ఎక్కువుంది.”

“వత్తు పెట్టింది మీరా, నేనా?” అని నాన్న అరిస్తే లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. చివరికి చిన, చిన్న ఇద్దరూ ఒకరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించుకు రమ్మన్నారు. “నేను నేనేనని నేనే సంతకం పెట్టాలంట” అని దారంతా సణుగుతూనే ఉన్నాడు.

ఆ రాత్రి కూర్చుని లెక్కేశాను. కంప్యూటర్లో తెలుగు వత్తు అంటే రెండు గుర్తులు: ఒక పొల్లు, ఒక హల్లు. కాబట్టి ‘చిన’ నుంచి ‘చిన్న’కి దూరం రెండు. ‘చిన’ నుంచి ‘పెద’కి? చ బదులు ప, గుడి బదులు ఎత్వం, న బదులు ద. మూడు. అంటే వత్తు తేడాకి రెండు, మనిషి తేడాకి మూడు! అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే చిన, చిన్న మధ్య ఒక్క ఎన్ తేడా. దూరం ఒకటి. లిపి మారితే నాన్న తనకి తానే దగ్గరవుతాడన్నమాట.

డీఎన్ఏ ఇలా గుడ్డిగా లెక్కేయదు. డీఎన్ఏలో ఏ (A), టీ (T), జీ (G), సీ (C) అని నాలుగే అక్షరాలు; మూడేసి అక్షరాల ముక్క కోడాన్, ఒక్కో కోడాన్ ప్రోటీన్‌లో ఏ అమైనో ఆమ్లం రావాలో చెబుతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ బీటా గొలుసు జన్యువులో ఆరో కోడాన్ జీఏజీ. మధ్యలో ఉన్న ‘ఏ’ పోయి ‘టీ’ వస్తే గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే వస్తే సికిల్ సెల్ జబ్బు. అదే కోడాన్‌లో చివరి ‘జీ’ బదులు ‘ఏ’ వస్తే జీఏఏ అవుతుంది, అది కూడా గ్లుటామిక్ ఆమ్లమే, ప్రోటీన్ మారదు. లెవెన్‌ష్టైన్‌ని అడిగితే రెండూ ఒకటే అంటాడు. తీసేయడమూ అంతే. ఒక అక్షరం పోతే మూడేసి చొప్పున చదివే వరుస జరిగిపోయి, ఆ తర్వాత వచ్చేదంతా తారుమారు. మూడు కలిసి పోతే వరుస నిలబడుతుంది. అలాగని మూడు పోతే మంచిదేననుకోకండి. ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టు జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించే మార్పు సరిగ్గా ఆ మూడక్షరాలు పోవడమే. 508వ స్థానంలో ఫినైల్‌అలనీన్ అనే అమైనో ఆమ్లం ఒక్కటి తప్పిపోతుంది, మిగతా వరుస ఉన్నట్టే ఉంటుంది, మనిషికి ఊపిరాడదు.

మన వ్యాకరణం కూడా పక్కన ఏముందో చూసే కదులుతుంది. మా, అమ్మ కలిస్తే మధ్యలో య వచ్చి ‘మాయమ్మ’. రాముడు, అతడు కలిస్తే ఉకారం పోయి ‘రాముడతడు’. వాడు కొట్టె అన్నచోట క పోయి గ వచ్చి ‘వాడు గొట్టె’. ఆగమం, లోపం, ఆదేశం. ఒక్కోదానికి ఒక షరతు. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన కూర్చుంటుంది, ఆదేశం శత్రువులా ఉన్నవాణ్ణి లేపి కూర్చుంటుంది అని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. మా కాలేజీలో ఈ ముక్క తెలిసిన పిల్లలు తగ్గిపోయారు. మార్కుల కోసం అందరూ సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకుంటారు. పోనీ ఆ సంస్కృతమైనా వస్తుందా అంటే, పరీక్షలో జవాబులు చాలావరకు ఇంగ్లీషులోనే రాసి బయటపడతారు.

కంప్యూటర్‌కి కాస్త బుద్ధి నేర్పింది మా బయాలజీ వాళ్లే అంటాను. 1970లో నీడిల్‌మన్, వున్ష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రోటీన్ వరుసల్ని పక్కపక్కన పెట్టి పోల్చే పద్ధతి ఇచ్చారు. తర్వాత తర్వాత దగ్గరి స్వభావమున్న అమైనో ఆమ్లం మారితే తక్కువ జరిమానా, ఒక వరుసలో లేని అక్షరం కోసం కొత్తగా ఖాళీ తెరిస్తే ఎక్కువ, ఉన్న ఖాళీని పొడిగిస్తే తక్కువ అని ధరలు కట్టారు. తెలుగు పేర్లకీ అలాగే కట్టొచ్చు కదా: వత్తుకి, దీర్ఘానికి పైసా, పెద బదులు చిన వస్తే వంద రూపాయలు. బెంగళూరులో కోడింగ్ చేసే నా పాత స్టూడెంట్‌ని ఇదే అడిగాను. “పెద్ద పనేం కాదు సార్, కానీ ముందు ఎవరో ఒకరు టికెట్ రెయిజ్ చెయ్యాలి” అన్నాడు.