స్కేల్‌లో గీయాలా, ఫుల్ సైజులోనా? ఒక మేస్త్రి బిడ్డ టెన్షన్

ప్రశ్న: మాది పరకాల. నేను తాపీ మేస్త్రిని. మా బిడ్డ ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ (ఇళ్ల ప్లాన్లు గీసే ట్రేడు) రెండో సంవత్సరం చదువుతోంది. డ్రాయింగ్ బోర్డు మీద షీట్లు బాగా గీస్తుందని సార్లు మెచ్చుకునేవారు. నెల కింద హన్మకొండలో ఒక ఇంజినీరు ఆఫీసులో పని నేర్చుకోవడానికి పంపాను. కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్‌లో ఇంటి ప్లాన్‌ను 1:100 స్కేల్‌కు, అంటే అసలు కొలతలో వందో వంతుకు లెక్కగట్టి గీసిందట. ‘ఇట్ల ఎవరు గీయమన్నరు? ఫుల్ సైజులో గీయాలె’ అని మొత్తం తీసేయించారట. ఆ రోజు అన్నం తినలేదు. నేర్చుకున్నదంతా తప్పేనా? ఈ కోర్సు మాన్పించి డిగ్రీలో వేయమంటారా?

జవాబు: మాన్పించకండి అన్నా. మీ బిడ్డ నేర్చుకున్నదాంట్లో తప్పు లేదు, ఆఫీసువాళ్లు చెప్పినదాంట్లోనూ తప్పు లేదు. తగ్గింపు ఎప్పుడు చేయాలన్నదే మారింది. ఈ సంగతి మీకు చెప్పడం సులువు, ఎందుకంటే రోజూ ఫుల్ సైజులో గీసేది మీరే.

ప్లాటు మీద దారం కట్టి ముగ్గు పోసేటప్పుడు 9 అంగుళాల గోడను 9 అంగుళాలకే పోస్తారు. నేల మీద చోటుంది కాబట్టి తగ్గించే పనిలేదు. కాగితం మీద ఆ చోటు ఉండదు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న 200 గజాల ప్లాటును 1:100కు తగ్గిస్తే 91 మి.మీ. వెడల్పు, 183 మి.మీ. పొడవు అవుతుంది, ఏ4 కాగితంలో పడుతుంది. బోర్డు మీద గీసే మనిషి ఆ తగ్గింపు లెక్క ముందే చేసుకుని పెన్సిల్ పెట్టాలి. మీ బిడ్డ చేయి దానికి అలవాటు పడింది.

ఆటోక్యాడ్‌లో గీసే చోటును మోడల్ స్పేస్ అంటారు. దానికి షీటులా అంచులుండవు, అది మీ ప్లాటు లాంటిది. 30 అడుగుల గోడకు 9144 మి.మీ. అని ఉన్నదున్నట్టు కొట్టాలి. పక్కనే లేఅవుట్ అని ఇంకో ట్యాబ్ ఉంటుంది. అది కాగితం. ఆ కాగితంలో వ్యూపోర్ట్ అనే కిటికీ తెరిచి, ప్లాటును 1:100లో చూపించమంటే సాఫ్ట్‌వేరే తగ్గించి చూపిస్తుంది. మెట్లు పెద్దగా కావాలంటే ఇంకో కిటికీ తెరిచి 1:20 పెడితే చాలు, మళ్లీ గీసే పనిలేదు. ఈ ఏర్పాటు 1990లో వచ్చిన 11వ రిలీజ్ నుంచి ఉంది, నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు.

స్కేల్ లెక్క మాత్రం ఎక్కడికీ పోలేదు. ప్రింట్‌లో అక్షరం ఎత్తు 2.5 మి.మీ. ఉండాలంటే 1:100 ప్లాన్ కోసం మోడల్ స్పేస్‌లో దాన్ని 250 మి.మీ. ఎత్తుతో రాయాలి. అంటే 9 అంగుళాల గోడ మందం కన్నా పెద్ద అక్షరం! బోర్డు మీద గీయకుండా నేరుగా కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లలు సరిగ్గా ఇక్కడే తికమకపడతారు. మీ బిడ్డ పడదు.

ఇంకో మాట. ఆ ప్లాన్ మొత్తం తీసేయాల్సిన అవసరం లేదు. స్కేల్ కమాండ్‌తో వంద రెట్లు పెంచి, డైమెన్షన్లకు (గీతల పక్కన పడే కొలత అంకెలకు) వంద రెట్ల సెట్టింగ్ పెట్టి ఉంటే దాన్ని 1కి మారిస్తే సరిపోయేది. ఆ మాట ఎవరైనా ఆమె పక్కన కూర్చుని చెప్పి ఉంటే బాగుండేది.

ఫుల్ సైజు గురించి నేనింత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ సలహాల పనిలోకి రాకముందు నేనూ ఒక ఆఫీసులో డ్రాయింగులు గీశాను. అక్కడ అన్నీ స్కేల్‌లోనే గీసి, కొలత అంకె మాత్రం అసలుది పడేలా సెట్ చేసుకునేవాళ్లం. ఒకసారి పాత ఫైల్లోని కిటికీలను మిల్లీమీటర్లలోకి మార్చి కొత్త ప్లాన్‌లో పెట్టాను. పాతది అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున గీసింది, అంటే 1:96. కొత్తది 1:100. కంటికి రెండూ ఒకటే. కానీ కొత్త ఫైలు ప్రతి గీతనూ వందతో పెంచి అంకె వేస్తుంది కాబట్టి, 1219 మి.మీ. ఉండాల్సిన నాలుగడుగుల కిటికీకి 1270 అని పడింది. రెండంగుళాల తేడా, ఎవరికీ అనుమానం రాలేదు. వెల్డింగ్ షాపులో ఆ కొలతకే గ్రిల్స్ తయారయ్యాయి. సైట్‌లో ఫ్రేములు నాలుగడుగులవే. ఒక్క గ్రిల్లూ పట్టలేదు. వెల్డర్ ఒక్కో గ్రిల్లు పక్క పట్టీ కోసి, కడ్డీలు కత్తిరించి మళ్లీ అతికిస్తుంటే ఎండలో నిలబడి చూశాను. ఇంటాయన నన్ను ఒక్క మాట అనలేదు. అతుకు పడిన చోట వేలితో తడుముతూ ఉండిపోయాడు. ఆ వేలు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే బిడ్డకు ఒక అలవాటు నేర్పండి. ఎవరి ఫైలు చేతికొచ్చినా, గీత గీయకముందే ఒక దర్వాజ కొలవాలి. డీఐ అని టైపు చేసి ఎంటర్ నొక్కి, దర్వాజకు అటూ ఇటూ క్లిక్ చేస్తే కొలత వస్తుంది. మూడడుగుల దర్వాజకు 900 అనో 914 అనో వస్తే ఫైలు మిల్లీమీటర్లలో ఉంది. 36 వస్తే అంగుళాలు. 0.9 వస్తే మీటర్లు. 9 దగ్గర్లో వచ్చిందంటే ఎవరో మిల్లీమీటర్లలో 1:100కు తగ్గించి గీశారు. అంగుళాల ఫైలును మిల్లీమీటర్లలోకి తేవాలంటే 25.4 రెట్లు పెంచాలి. అర నిమిషం పని.

అన్నిచోట్లా ఫుల్ సైజే అనుకోవద్దని కూడా చెప్పండి. ఫ్లెక్సీ షాపుల్లో లెక్క తిరగబడుతుంది. 40 అడుగుల హోర్డింగ్‌ను ఫొటోషాప్‌లో అసలు సైజులో, అంగుళానికి 72 చుక్కలే పెట్టి చేసినా 34,560 పిక్సెళ్లు అవుతాయి. మామూలు పీఎస్‌డీ ఫైలు 30,000 దగ్గరే ఆగిపోతుంది. అందుకే అక్కడ పదో వంతు సైజులో చేసి ప్రింట్‌లో పెంచుతారు. గీతను అంకెలుగా దాచుకునే సాఫ్ట్‌వేర్ వేరు, బొమ్మను చుక్కలుగా దాచుకునేది వేరు.

ఇక డిగ్రీ సంగతి. చివరి దశకొచ్చిన రెండేళ్ల ట్రేడును వదిలేయడం నాకు ఇష్టం లేదు. పూర్తయ్యాక బ్రిడ్జి కోర్సు చేసి, ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో చేరవచ్చు. డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ఇంకో ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో సంవత్సరం. మధ్యలో ఎక్కడ ఆగినా చేతిలో పని ఉంటుంది. దీనికోసం అప్పు చేసి ఖరీదైన ల్యాప్‌టాప్ కొనకండి. లిబ్రేక్యాడ్ అనే గీసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది, ప్లాన్లు గీయడానికి చాలు. ఆటోక్యాడ్ కూడా అర్హత ఉన్న విద్యార్థులకు ఉచితమే.

ఈ ఆదివారం మీరు కడుతున్న ఇంటికి బిడ్డను తీసుకెళ్లండి. టేపు ఒక కొస మీరు పట్టుకోండి, ఇంకో కొస ఆమెకివ్వండి. ఒక్క గది కొలిచి, ఫుల్ సైజులో గీసి, లేఅవుట్‌లో 1:50 పెట్టి ఏ4 మీద ప్రింట్ తీయమనండి. దాని మీద మీరే స్కేల్ పెట్టి చూడండి. 12 అడుగుల గోడ 73 మి.మీ. రావాలి. రాకపోతే బిడ్డను ఏమీ అనకండి, ప్రింట్ తీసేటప్పుడు ‘ఫిట్ టు పేపర్’ టిక్ ఉండిపోయిందేమో ముందు చూడమనండి.