చంద్రుడి మీద బంగారు కెమెరా

ప్రశ్న: మాస్టారూ, అపోలో 16 చంద్రయాత్ర ఫొటో ఒకటి చూశాను. చంద్రుడి మీద వ్యోమగామి జాన్ యంగ్ జెండాకు సెల్యూట్ కొడుతూ గెంతుతున్నాడు. వెనక నీడలో బంగారు రంగులో ఏదో నిలబెట్టి ఉంది. అదేమిటి?
– పదో తరగతి విద్యార్థిని, నంద్యాల

జవాబు: ఆ ఫొటోలో అందరూ గెంతే మనిషినే చూస్తారు. నువ్వు నీడలోకి చూశావు, భేష్! అది టెలిస్కోపమ్మా. భూమి కాని మరో నేల మీద మనుషులు నిలబెట్టిన మొట్టమొదటి టెలిస్కోపు. కెమెరా అందులోనే ఉంది. దాన్ని తయారుచేసింది జార్జ్ కరుథర్స్ అనే నల్లజాతి అమెరికన్. 1972 ఏప్రిల్‌లో అది చంద్రుడి మీదికి చేరేనాటికి ఆయనకు 32 ఏళ్లు.

సిన్సినాటిలో పుట్టారు. పదేళ్లప్పుడే అట్టగొట్టం, పోస్టులో తెప్పించుకున్న కటకాలతో టెలిస్కోపు చేసుకున్నారు. (ఇంటర్లో ఉండగా నేనూ క్యాలెండరు చుట్టి వచ్చే గొట్టంతో ప్రయత్నించాను. చంద్రుడు కనిపించాడు గానీ, అంచుల నిండా ఇంద్రధనుస్సే!) పన్నెండేళ్లకు తండ్రి పోయారు. ఆ తర్వాత చికాగో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం, 1964లో డాక్టరేట్, అదే ఏడాది వాషింగ్టన్‌లోని నౌకాదళ పరిశోధనశాలలో చేరిక.

అంత దూరం మోసుకెళ్లడం దేనికంటావా? అతినీలలోహిత కాంతిలో బాగా తీక్షణమైన భాగాన్ని మన గాలి మింగేస్తుంది. మన ఒంటికి అది మేలే, ఖగోళ శాస్త్రజ్ఞుడికి మాత్రం కళ్లకు గంతలు కట్టినట్టే. బాగా వేడిగా ఉండే నక్షత్రాల సంగతులు, హైడ్రోజన్ ఆనవాళ్లు ఎక్కువగా దొరికేది ఆ కాంతిలోనే మరి.

కరుథర్స్ చేసిన ఉపాయం నాకు భలే ఇష్టం. ఆ కాంతిని నేరుగా ఫిల్ము మీద పడనివ్వలేదు. ముందు ఒక లవణపు పూత మీద పడుతుంది, అక్కణ్నుంచి ఎలక్ట్రాన్లు ఊడతాయి. వాటిని వేల వోల్టులతో పరిగెత్తించి, అయస్కాంతంతో చెదరకుండా పట్టి, ఫిల్ముకు తగిలిస్తారు. అంటే బొమ్మ గీసేది ఎలక్ట్రాన్లు! 1969లో దీనికి పేటెంటు వచ్చింది. 1970లో రాకెట్‌లో పంపిన ఇలాంటి పరికరమే నక్షత్రాల మధ్య చోటులో హైడ్రోజన్ అణువులున్నాయని మొదటిసారి పట్టిచ్చింది. పరమాణువులు కాదు, అణువులు. పరీక్షలో కలిపేయకు.

ఇక ఆ నీడ. ఎండ తగిలితే కెమెరా వేడెక్కుతుంది. అందుకే దిగిన వాహనం నీడలో పెట్టారు. బంగారు పూత కూడా వేడి నుంచి కాపాడటానికే. అక్కడ పొద్దెక్కేకొద్దీ నీడ కురచనవుతుంటే, మనం వేసవిలో చెట్టునీడ వెంట నులకమంచం జరుపుకున్నట్టు, వ్యోమగాములు కెమెరాను జరుపుతూ వచ్చారు!

భూమి చుట్టూ ఆవరించి ఉన్న పలుచని హైడ్రోజన్ వలయాన్ని, అంటే జియోకరోనాను, ఆ కెమెరా ఫొటో తీసింది. ఫిల్ము భూమికి వచ్చింది, కెమెరా ఇప్పటికీ అక్కడే ఉంది. 2020లో కరుథర్స్ పోయారు. ఆ జియోకరోనాను చూడటానికే 2025 సెప్టెంబరులో నాసా పంపిన వ్యోమనౌకకు ఆయన పేరే పెట్టారు.

ప్రశ్న: నల్లజాతి మహిళల్లో ఖగోళ శాస్త్రజ్ఞులు లేరా?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: ఎందుకు లేరండీ! బెత్ బ్రౌన్ ఉన్నారు. 1998లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. ఆ విభాగంలో ఆ పట్టా అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. గుడ్డు ఆకారపు గెలాక్సీల్లో కోటి డిగ్రీలదాకా వేడెక్కిన వాయువు వెదజల్లే ఎక్స్-కిరణాల మీద పని చేశారు. పైన చెప్పిన గాలి గొడవ ఇక్కడా ఉంది, ఆ కిరణాలూ నేలదాకా దిగవు. అందుకే ఆవిడ రోసాట్ అనే ఉపగ్రహం పంపిన సమాచారంతో పనిచేశారు. తర్వాత నాసాలో చేరారు. 2008లో, 39 ఏళ్లకే పోయారు.