రూటర్ మార్చే ముందు లాగ్ చూడండి

మారతహళ్లి ఫ్లాట్‌లో రోజూ రాత్రి ఫైబర్ నెట్ కట్ అవుతోంది, కంపెనీవాళ్లేమో రూటర్ మార్చమంటున్నారు అన్నారు కదా, అప్పుడే డబ్బులు తగలెయ్యకండి బ్రదర్.

నెట్ పోగానే రీస్టార్ట్ కొట్టే అలవాటుంటే ముందు అది మానండి. చాలా రూటర్లలో లాగ్ (ఎప్పుడేం జరిగిందో రూటర్ రాసుకునే చిట్టా) ర్యామ్‌లోనే ఉంటుంది, ఆపితే మొత్తం పోతుంది. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి (తెరుచుకోకపోతే సరైన అడ్రస్ రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది) సిస్టమ్ లాగ్ తెరిచి స్క్రీన్‌షాట్ తీయండి.

అందులో 1970 జనవరి 1 తేదీతో లైన్లు కనబడితే కంగారు పడకండి, ఎవరూ హ్యాక్ చెయ్యలేదు, రూటర్ ఆగిపోయి మళ్లీ లేచిందంతే. లోపల గడియారానికి బ్యాటరీ ఉండదు కాబట్టి నెట్ నుంచి టైమ్ అందేదాకా చాలా మోడళ్లు ఆ తేదీనే రాస్తాయి. మీరు ఆపకుండానే అలా పడిందంటే నా అనుమానం అడాప్టర్ మీద, లేదా కరెంటు పోయి యూపీఎస్‌కి మారే ఆ క్షణం మీద.

తేదీలు సరిగ్గానే ఉండి ఎల్‌ఓఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్, అంటే సిగ్నల్ పోయింది) అని పడుతుంటే తప్పు ఫైబర్‌ది. రూటర్ ఆప్టికల్ పేజీలో ఆర్ఎక్స్ పవర్ (ఫైబర్‌లోంచి అందుతున్న సిగ్నల్ బలం) చూడండి, మైనస్ 27 డీబీఎం కన్నా కిందికి దిగితే సిగ్నల్ చాలడం లేదని లెక్క, సోఫా వెనకాల ఫైబర్ మడతపడిందేమో కూడా చూసుకోండి.

ఇవేవీ లేకపోతే కంప్యూటర్‌లో రెండు కమాండ్ విండోల్లో పింగ్ (అవతలిది పలుకుతోందా అని చూసే కమాండ్) పెట్టండి, ఒకటి రూటర్‌కి, ఒకటి బయట నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి. రూటర్‌కే తెగుతుంటే వైఫై గొడవ, ల్యాన్ కేబుల్ పెట్టి చూస్తే తేలిపోతుంది. రూటర్ పలుకుతూ రెండోది మాత్రమే ఆగితే ఆ రెండు విండోల స్క్రీన్‌షాట్ కంప్లైంట్‌కి జత చెయ్యండి, అప్పుడు రూటర్ మార్చమని ఊరికే తప్పించుకోలేరు.